బోనులో రారాజు

నేను సాంఘికశాస్త్రం అయ్యవారిని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పదో తరగతికి రెండో ప్రపంచ యుద్ధం చెప్పాను. దసరా సెలవులు కాగానే యుద్ధం మొదలుపెట్టేవాణ్ని, చలి ముదిరేలోపల బెర్లిన్ పడగొట్టేవాణ్ని. ఏటా అదే పని. అన్నిసార్లు ప్రపంచాన్ని గట్టెక్కించినందుకు నాకేమైనా అవార్డు వచ్చిందా అంటే, రాలేదు. ఒక మెమో వచ్చింది. ఇది ఆ మెమో కథ.

కొత్తగా బడుల్లో చేరిన అమ్మాయిలూ అబ్బాయిలూ అప్పుడప్పుడు తిరుపతిలో మా ఇంటికి వస్తారు. ఇన్నేళ్ల సర్వీసులో మరిచిపోలేనిది ఏది సార్ అని అడుగుతారు. రిజల్టు గురించి చెబుతానని వాళ్ల ఆశ. నాకేమో ఒక స్టాఫ్ రూము గుర్తొస్తుంది. ఎన్నో బడుల్లో పనిచేశాను, సున్నం వేసిన గదులూ రేకుల షెడ్లూ అన్నీ చూశాను. కలలోకి వచ్చేది మాత్రం ఆ ఒక్క స్టాఫ్ రూమే. తలుపు సరిగ్గా మూసుకోదు, కిటికీ పక్కనే మరమగ్గాల షెడ్డు, గట్టిగా అరిస్తే తప్ప మాట వినబడదు. ఆ మూల బల్ల మీద ఒక టిఫిను డబ్బా, దాంట్లో రాగి సంగటి. ఆ డబ్బా మనిషి కోసం ఈ వయసులో కూడా నాకు బెంగ పుడుతుంది.

డెబ్బైల చివరి ఏళ్లు. నగరికి దగ్గర్లో ఒక నేతగాళ్ల ఊరు. బడి ముందు రోడ్డు మీద నిలబడితే ఒక బస్సు తిరుపతికి, ఇంకో బస్సు మద్రాసుకు పోయేది. నేను అప్పుడే ఉద్యోగంలో చేరిన కుర్రవాణ్ని, నాకు తెలియనిది లేదని నమ్మే వయసు. మా డ్రిల్లు సారు అప్పటికే రిటైర్మెంటుకు దగ్గరపడ్డాడు. ఆరడుగుల మనిషి, బోడి తల, బండరాయి లాంటి మెడ. పిల్లప్పుడే పటాలంలో చేరి యుద్ధంలో పనిచేసి వచ్చాడని అందరికీ తెలుసు. యుద్ధం గురించి అడిగితే మాత్రం ఈల ఊది పిల్లల్ని వరసలో నిలబెట్టడానికి వెళ్లిపోయేవాడు. నన్ను ఆయన 'సామీ' అనేవాడు. మా ఇద్దరికీ పాతికేళ్లకు పైగా తేడా. అయినా పొద్దున బడికి నాతోనే నడిచేవాడు, సాయంత్రం టీ కొట్టు దాకా నాతోనే వచ్చేవాడు.

ఆ ఊళ్లో ఏటా ఎండాకాలం ద్రౌపదమ్మ తిరునాళ్లు జరిగేవి. రోజుల తరబడి మధ్యాహ్నం కథ, ఆ తర్వాత వీధినాటకం. చివరి రోజు పొద్దున గుడి ముందు మైదానంలో తొడ విరిగి పడే రారాజు బొమ్మను మట్టితో చేస్తారు. పడుకున్న రాజు, చిన్న గుట్టంత ఉంటాడు. ఆ బొమ్మ చుట్టూ వేషగాళ్లు యుద్ధం ఆడతారు. రారాజు వేషం వేసినాయన పడిపోగానే ఒక ముసలమ్మ రాజుకు తల్లిగా వచ్చి, తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చి, లేపి, ఒక ముద్ద తినిపిస్తుంది. ఆ వెంటనే ఊరి ఆడవాళ్లంతా బొమ్మ మీద పడి మట్టి పెళ్లలు తీసుకుంటారు. ఆ మట్టి ఇంట్లో బియ్యం కుండలో వేస్తే ఆ ఏడాది తిండికి కొరత రాదని నమ్మకం.

రారాజు వేషం ఎవరిదో చెప్పక్కర్లేదు. డ్రిల్లు సారు కిరీటం పెట్టుకుని తెర వెనక నిలబడి గొంతు సవరిస్తేనే జనం కర్పూరం వెలిగించేవాళ్లు. చెడ్డ రాజని వాళ్లకు తెలుసు. అయినా రాజు రాజే, హారతి ఇచ్చి తీరాలి. నేను చేరిన మొదటి ఏడు ఆయన మొహానికి రంగు కూడా కడుక్కోకుండా నా దగ్గరకు వచ్చి, చేతిలో మట్టి ముద్ద పట్టుకుని, "నన్ను సంపి నా మట్టి తీసకపోతారు సామీ. బియ్యానికి కొరత రాదంట. నువ్వూ ఒక పిడికెడు తీసుకో" అన్నాడు. ఇవన్నీ మూఢనమ్మకాలు సార్ అని నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆయన పెద్దగా నవ్వాడు.

ఆయన గురించి ఇంకొకటి చెప్పాలి. ఆయన అన్నం తినడు, సంగటిలో బియ్యపు నూక కూడా వేయనివ్వడు. పెళ్లిళ్లలో ఆకు ముందు కూర్చుని కూరలు మాత్రమే తినేవాడు. నాటకం చివర్లో ముసలమ్మ పెట్టే ముద్ద కూడా సంగటే, ఆయన కోసం ఆమె అట్లా మార్చుకుంది. కండల కోసమని పిల్లలు అనుకునేవాళ్లు, చక్కెర జబ్బని మా తెలుగు పంతులుగారు అనేవారు. నేనూ ఏదో ఒకటి అనుకుని ఊరుకున్నాను.

ఇక అసలు విషయం. మరుసటి ఏడు పాఠం చెబుతుంటే వెనక బెంచీ వాడొకడు లేచి, ఆ యుద్ధంలో బ్రిటన్ను నడిపిన ప్రధానమంత్రి మంచోడా చెడ్డోడా అని అడిగాడు. పాఠ్యపుస్తకంలో ఆయన అర పేజీ మనిషి. లావుపాటి చుట్ట, టోపీ, పైకెత్తిన రెండు వేళ్లు. ఆయన పేరు మీకు తెలుసు, నేను రాయను. ఈ కథలో ఎవరి పేరూ రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను, ఆ దొర ఒక్కడికి మినహాయింపు ఇస్తే మా డ్రిల్లు సారు పైనుంచి ఈల ఊదుతాడు.

జవాబు చెప్పడానికి నేను చిత్తూరు గ్రంథాలయం నుంచి రెండు లావుపాటి పుస్తకాలు తెచ్చుకున్నాను. చదివే కొద్దీ తల తిరిగిపోయింది. విరామంలో స్టాఫ్ రూములో ఇద్దరికి ఆ కథ చెప్పేవాణ్ని. తెలుగు పంతులుగారు పొడుం పీలుస్తూ వినేవారు, డ్రిల్లు సారు సంగటి ముద్ద వేళ్లతో నొక్కుతూ వినేవాడు. దొర కుర్రతనంలో మన పక్కనే బెంగుళూరులో సైన్యాధికారిగా ఉండి, గుర్రాల మీద బంతాట ఆడుతూ కాలం గడిపాడన్నప్పుడు డ్రిల్లు సారు, "ఐతే మన పక్కూరోడే గదా సామీ" అన్నాడు. ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి దూకి, మళ్లీ పాత పార్టీలోకే వచ్చి చేరాడంటే పంతులుగారు మన ఎమ్మెల్యేలకు ఆయనే గురువన్నారు. మొదటి యుద్ధంలో టర్కీ తీరం మీద దాడికి పథకం వేసి, వేలమంది కుర్రాళ్లు చచ్చిపోగా పదవి పోగొట్టుకున్నాడు. ఇండియాకు స్వపరిపాలన ఇవ్వకూడదని సొంత పార్టీతోనే పోట్లాడాడు. మన మహాత్ముణ్ని అర్ధనగ్న ఫకీరని ఎగతాళి చేశాడు. ఇక ఈయన పని అయిపోయిందని అందరూ అనుకున్న వయసులో ప్రధానమంత్రి అయ్యాడు. లండన్ మీద బాంబులు పడుతుంటే ఒక్క గొంతుతో దేశాన్ని నిలబెట్టాడు. యుద్ధం గెలిపించాడు. గెలిపించిన కొద్ది రోజులకే ఆ జనమే ఓట్లేసి ఇంటికి పంపారు. మళ్లీ కొన్నాళ్లకు వాళ్లే పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు.

నలభై మూడులో బెంగాల్ కరువు సంగతి చెప్పిన రోజు మాత్రం డ్రిల్లు సారు ముద్ద నొక్కడం ఆపేశాడు. బర్మా పోయింది, అక్కడినుంచి బియ్యం రావడం ఆగింది, పంపమని ఇక్కడి అధికారులు అడిగితే లండన్లో ఓడలు లేవన్నారు, లక్షల మంది పోయారు అని నేను పాఠం చెప్పినట్టే చెప్పుకుపోయాను. ఆయన డబ్బా మూత పెట్టి లేచి వెళ్లిపోయాడు. పిల్లలు గ్రౌండులో కొట్టుకుంటున్నారేమో అనుకున్నాను.

బడి వార్షికోత్సవానికి నాటకం కావాలన్నారు హెడ్మాస్టరు. జిల్లా నుంచి విద్యాధికారి వస్తున్నాడట. నాకు బుర్రలో దీపం వెలిగింది. ఆ ప్రధానమంత్రి మీద విచారణ! బోనులో దొర, అభియోగాలు చదవడానికి తెలుగు పంతులుగారు, దొర తరపు వకీలుగా నేను, జడ్జిగా హెడ్మాస్టరు. తీర్పు మాత్రం జనానిది. యుద్ధం గెలిచినవాణ్ని ఓటుతో ఓడించారు కాబట్టి ఇక్కడ కూడా చూసేవాళ్లే చేతులెత్తి తేల్చాలి. ఇంత తెలివి నాకెక్కడిదా అని నాకే ముచ్చటేసింది. హెడ్మాస్టరుకు సుత్తి ఇస్తామనగానే ఒప్పేసుకున్నారు. సుత్తి మగ్గాల మెకానిక్కు దగ్గర అరువు తెచ్చాం.

దొర వేషానికి డ్రిల్లు సారు కాక ఇంకెవరున్నారు? ఆ బోడి తల, ఆ మెడ. అడగ్గానే సరేనన్నాడు. పుత్తూరు వకీలుగారి పాత నల్ల కోటు ఆయనకు బిగుతైంది, బొత్తాలు పెట్టలేదు. చుట్ట మాత్రం అసలు సిసలైనది, అంగట్లో కొన్నది. వెలిగించకూడదని హెడ్మాస్టరు ఆర్డరు.

రిహార్సలు జరిగినన్నాళ్లూ ఒకటే ఇబ్బంది. ఆయనకు మాటలన్నీ నోటికి వచ్చాయి, టర్కీ దాడి దగ్గర కూడా తడబడలేదు. కరువు అభియోగానికి వచ్చేసరికి ఆగిపోయేవాడు. నేను రాసిన జవాబు ఇది: 'ఓడలు లేవు. యుద్ధంలో మొదట సైన్యం తినాలి, తర్వాతే జనం.' అక్కడికి రాగానే మంచినీళ్లు కావాలనేవాడు. ఒకరోజు టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చుని, నిజంగా ఆయన ఇట్లానే అన్నాడా అని అడిగాడు. మాటలు నావే కానీ భావం అదేనని చెప్పాను. తాగకుండానే టీ గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు.

"నాకు అమ్మ ల్యాదు సామీ. మా అక్కే సాకింది. తినకుంటే వీపున ఒకటేసి మరీ బువ్వ తినిపిస్తా ఉండె. దాని పెండ్లైనాక ఖరగపూరు పోయినారు, మా బావకి రైల్వే కార్ఖానాలో దినకూలి. నేను పటాలంలో సేరితి. నన్ను ఆ బెంగాలుకే ఏసినారు. మిలట్రీ బియ్యం బండికి కాపలా."

రేడియో తగ్గించమన్నట్టు టీ కొట్టాయనకు నేను సైగ చేశాను. డ్రిల్లు సారు నావైపు చూడలేదు.

"బండి ఖరగపూర్లో నిలిసింది. నేను మూటల మీద తుపాకి పెట్టుకోని కూసోని ఉంటి. ప్లాటుఫారం నిండా జనం, సేతుల్లో డబ్బాలు. వాళ్లు బువ్వ అడగల్యా సామీ. గంజి అడిగినారు. మా అక్క ఈ ఊర్లోనే ఉండాది గదా అని మొగాలన్నీ ఎతికినా. ఎముకలు తేలినాక మనిసిని ఎట్ల గుర్తుపడతావు? దిగకూడదని ఆర్డరు. దిగల్యా. బండి కదిలింది. మళ్లా ఏడు సెలవు మీద పోతే ఆడ ఇల్లు ల్యాదు. పక్కింటి తెలుగామె సెప్పింది. బావ జొరంతో ముందే పోయినాడంట. అక్క దినామూ డబ్బా తీసుకోని టేషనుకే పోతా ఉండెనంట, గంజి కోసరం. ఒకనాడు టేషన్లోనే పడిపోయిందంట."

సంగటి డబ్బా ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. నా చేతిలో టీ చల్లారిపోయింది. ఈ వేషం మీకొద్దు సార్, లెక్కల సారుకు ఇద్దాం, లేదా ఆ అభియోగమే తీసేస్తాను అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వొద్దు సామీ. తీసేయొద్దు. ఇన్నేండ్లూ నన్ను ఎవురూ అడగల్యా. ఆ బోన్లో నిలబడితే పంతులుగారు అడగతాడు గదా. ఊరంతా ఇంటాది గదా. ఏమంటారో సూస్తాను."

ఆయన నిలబడాలనుకున్నది ఆ దొర కోసం కాదని నాకు తెలిసింది. సరేనన్నాను. ఆ రోజు నుంచి వార్షికోత్సవం దాకా నాకు అన్నం సహించలేదు. జనం ఏమంటారో, ఆయన దాన్ని మోయగలడో లేదో. ఊళ్లో అందరూ కలిసి 'నేరస్థుడు' అని చేతులెత్తితే ఆ మనిషి ఏమైపోతాడు? తీర్పు జనానికి వదిలిన నా తెలివిని నేనే తిట్టుకున్నాను.

ఆ సాయంత్రం మగ్గాలు తొందరగా ఆపారు. బడి మైదానం నిండిపోయింది. పాటలకూ డాన్సులకూ రంగు పూయించుకున్న పిల్లలు ఆకలికి తట్టుకోలేరని అమ్మలూ అవ్వలూ క్యారియర్లు కూడా తెచ్చుకున్నారు. విద్యాధికారి ముందు వరసలో దండతో కూర్చున్నాడు. నాటకం అంటే మా ఊరివాళ్లకు ఒకటే పద్ధతి తెలుసు. నేను చెప్పకుండానే తిరునాళ్ల బృందం వాళ్లిద్దరు వచ్చి తెర పట్టుకుని నిలబడ్డారు. మద్దెల మోగింది. తెర కిందినుంచి నల్ల బూట్లు కనబడ్డాయి, దొర అడుగులు వేస్తున్నాడు, రారాజు అడుగులు. తెర తీయగానే చుట్ట, టోపీ, పైకెత్తిన రెండు వేళ్లు. ఆడవాళ్లు కర్పూరం వెలిగించి హారతి పట్టారు! బ్రిటిష్ సామ్రాజ్యపు ప్రధానమంత్రికి నేతగాళ్ల ఊళ్లో హారతి. విద్యాధికారి మా హెడ్మాస్టరు వైపు చూశాడు, హెడ్మాస్టరు నావైపు చూశాడు, నేను బల్ల మీద కాగితాల వైపు చూశాను.

విచారణ బాగానే నడిచింది. పంతులుగారు ఫకీరు మాట ఎత్తితే జనం ఈలలు వేశారు. బాంబుల కింద ధైర్యం చెప్పిన సంగతి నేను చెబితే చప్పట్లు కొట్టారు. పార్టీలు మారాడంటే పకపకా నవ్వారు. తర్వాత పంతులుగారు గొంతు పెంచి, బెంగాల్లో ఆకలితో పోయినవాళ్లకు ఏం జవాబు చెబుతావని అడిగారు. ఆయనకు అసలు సంగతి తెలియదు. నాకు తెలుసు, లేచి బోను వైపు ఒక అడుగు వేశాను.

డ్రిల్లు సారు నోట్లోంచి చుట్ట తీశాడు. మంచినీళ్లు అడగలేదు. టోపీ కూడా తీసి బోను కొయ్య మీద పెట్టాడు.

"ఓడలు ల్యావని రాసిచ్చినాడు ఈ వకీలు సారు. ఓడల సంగతి ఆ దొరకి తెలుసు. రైలు సంగతి నాకు తెలుసు. ఆ రైల్లో బియ్యం ఉండె. దాని మీద నేను ఉంటి."

అంతా చెప్పాడు. టీ కొట్టు దగ్గర నాకు చెప్పినంతే, అదే గొంతుతో. డబ్బాలు, గంజి, అక్క. పంతులుగారు తెరిచిన పొడుం డబ్బా మూసి జేబులో వేసుకున్నారు. హెడ్మాస్టరుకు ఏం చేయాలో తెలియలేదు పాపం, చేతిలో కాగితం ఉంది కాబట్టి అది చదివారు. నేరం చేశాడనేవాళ్లు చేతులెత్తండి అన్నారు. ఒక్క చెయ్యి లేవలేదు. చేయలేదనేవాళ్లు ఎత్తండి అన్నారు. అప్పుడూ లేవలేదు. సుత్తి కొట్టాలో వద్దో తెలియక గాల్లోనే పట్టుకుని నిలబడ్డారు.

అప్పుడు డ్రిల్లు సారు బోనులోంచి బయటికి వచ్చాడు. నాటకం ముగింపు అంటే ఆయన ఒంటికి తెలిసింది ఒకటే. మోకాళ్ల మీద కూలబడి, తొడ పట్టుకుని, పక్కకు ఒరిగి, స్టేజీ పలకల మీద వెల్లకిలా పడుకున్నాడు. ఏటా గుడి ముందు పడుకున్నట్టే. నా కాగితాల్లో అది లేదు. తెర పట్టుకున్నవాళ్లు మాత్రం అంతా సక్రమంగా జరుగుతున్నట్టు తలవంచి నిలబడ్డారు.

ఆడవాళ్ల వరసలోంచి ఒక ముసలమ్మ లేచింది. ఏటా రారాజు తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చేది ఆమే. పొద్దస్తమానం రాట్నం తిప్పి తిప్పి వేళ్లు వంకర పోయిన మనిషి. మనవడి కోసం తెచ్చిన క్యారియరు పట్టుకుని మెట్లెక్కింది. విద్యాధికారి ఏదో అనబోయాడు, ఆమె ఆయన్ని చూడనైనా లేదు. కింద కూర్చుని ఆ బోడి తల ఒళ్లోకి తీసుకుంది. అలవాటైన ఏడుపు పాట అందుకుంటుందని అనుకున్నాను. ఆమె పాడలేదు. మామూలు గొంతుతోనే మాట్లాడింది.

"లే నాయనా. మీ యక్క ఆ గుంపులో ఉంటే నిన్ను సూసే ఉంటాది. నువ్వు గుర్తుపట్టకపోతే ఏమి, సాకినామె గుర్తుపట్టదా? నా తమ్ముడు బియ్యం మూటల మీద కూసున్నాడు, వానికి ఆకలి ల్యాదు అనుకోని సల్లగా పోయి ఉంటాది. నువ్వు తినకుంటే ఆయమ్మకి ఏం సుకం?"

క్యారియరు మూత తీసి పెరుగన్నం ముద్ద చేసింది. ఆయన కళ్లు మూసుకునే తల అడ్డంగా ఊపాడు. ఆమె చెయ్యి వెనక్కి తీయలేదు. చివరికి నోరు తెరిచాడు. మింగడానికి చాలాసేపు పట్టింది. మింగి, ఆమె కొంగు మొహం మీదికి లాక్కుని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేను వకీలు వేషంలో నిలబడి ఏడ్చాను. చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

ఆ తర్వాత జరిగింది మా ఊళ్లో తప్ప ఇంకెక్కడా జరగదు. ఆడవాళ్లంతా లేచి స్టేజీ దగ్గరకు వచ్చారు. మట్టి బొమ్మ ఏది? లేదు. పలకలు మాత్రమే ఉన్నాయి. ఒకరి మొహాలొకరు చూసుకుని, వంగి, స్టేజీ కింద మా డ్రిల్లు గ్రౌండు మట్టినే పిడికిళ్లతో తీసి కొంగుల్లో కట్టుకున్నారు. ఏమిటిది అని విద్యాధికారి నన్ను అడిగాడు. బియ్యంలో వేసుకోవడానికండీ అని చెప్పాను. ఇంతకీ ఆ ప్రధానమంత్రి దోషా నిర్దోషా అని అడిగాడు. తేలలేదండీ అన్నాను. చరిత్ర విచారణను వీధినాటకంగా మార్చినందుకు సంజాయిషీ కోరుతూ మెమో వారంలోపే వచ్చింది. హెడ్మాస్టరు దాన్ని నా చేతికిచ్చి, సుత్తి తిరిగి ఇచ్చేశావా అని మాత్రం అడిగారు.

ఆ ఎండాకాలమే నాకు పలమనేరు అవతలి బడికి బదిలీ అయింది. మెమో వల్లనో, మామూలుగానో నాకు తెలియదు. డ్రిల్లు సారు నా ట్రంకుపెట్టె తానే మోసుకొచ్చి బస్సు పైకి ఎక్కించాడు. అన్నం తింటున్నారా సార్ అని అడగాలని ఉంది. స్టాండులో జనం, బస్సు హారను, అడగనేలేదు. ఆయనే కిటికీ దగ్గరకు వచ్చి, "పొయ్యే ఊర్లో డ్రిల్లు వాద్యారుతో స్నేహం సేసుకో సామీ. బడిలో వానికొక్కనికే పని ఉండదు, నీ పాఠం ఇంటాడు" అన్నాడు. బస్సు కదిలింది. ప్రతి బడిలోనూ నేను అట్లాగే స్నేహం చేసుకున్నాను. మంచివాళ్లే దొరికారు. కానీ ఆ నవ్వు, ఆ 'సామీ' పిలుపు మళ్లీ దొరకలేదు.

ఉత్తరాలు నడిచాయి. ఆయన రిటైరై ఊళ్లోనే ఉండిపోయాడు. తిరునాళ్లకు తప్పకుండా వస్తానని ప్రతి ఉత్తరంలోనూ రాసేవాణ్ని. పేపర్లు దిద్దడం, పిల్లల చదువులు, ఎండలు, ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఒక ఏడు నా ఉత్తరానికి జవాబు రాలేదు. తర్వాత తెలుగు పంతులుగారి దగ్గరి నుంచి కార్డు వచ్చింది. డ్రిల్లు సారు నిద్రలోనే పోయాడని.

నేను రిటైరైన తర్వాత ఎండాకాలం, ఇంట్లో చెప్పి పొద్దున బస్సుకు ఆ ఊరు వెళ్లాను. తిరునాళ్ల చివరి రోజు. గుడి ముందు మట్టి రారాజు పడుకుని ఉన్నాడు. వేషం వేసినవాడు సన్నగా ఉన్నాడు, గొంతు మాత్రం ఫరవాలేదు. అప్పటి నా శిష్యుడొకడు, ఇప్పుడు తల నెరిసిన మగ్గాల యజమాని, నన్ను గుర్తుపట్టి కుర్చీ వేయించాడు. అన్నేళ్లుగా అడగలేకపోయిన మాట వాణ్ని అడిగాను. డ్రిల్లు సారు ఆ తర్వాత అన్నం తిన్నాడా?

"ఇంట్లో సంగటే సార్, కడదాకా. కానీ ఏటా ఈ దినం అవ్వ సేతి పెరుగన్నం ఒక్క ముద్ద తింటా ఉండె. తినేటప్పుడు 'మా యక్కది' అని సెప్పి తింటా ఉండె. అవ్వ పోయినాక ఆయన రారాజు యాసం ఎయ్యల్యా" అన్నాడు వాడు.

రారాజు పడ్డాడు. ఏడుపు అయింది, ముద్ద అయింది, ఆడవాళ్లు బొమ్మ మీదికి వంగారు. నేను కుర్చీలోంచి లేచాను. ఆడవాళ్ల మధ్యలో ఈ ముసలి అయ్యవారికి ఏం పని అన్నట్టు ఒకామె చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చింది. తొడ దగ్గర తడి ఆరని మట్టి. ఒక పిడికెడు తీసి జేబు రుమాలులో కట్టుకున్నాను. ఎన్నేళ్ల కిందటో ఆయన ఇస్తానంటే చేతులు వెనక్కి పెట్టుకున్నవాణ్ని నేనే.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ వాకిట్లో కూరగాయలు తరుగుతోంది. రుమాలులో ఏమిటని అడిగింది. బియ్యానికి కొరత రాదంట అన్నాను, ఆయన అన్నట్టే. ఆమె నవ్వి, లోపలికి వచ్చి బియ్యం డ్రమ్ము మూత తీసింది. మోచేతి దాకా చెయ్యి దింపి, ఆ ముద్దను అడుగున పెట్టాను.